ఎర్ర కార్డు మీద సంతకం

కళ్ళజోళ్ళ దుకాణంలో ముందు గదిలో నిలబడేవాళ్ళకి ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట, ఎవరొచ్చినా చెదరని నవ్వు ఉండాలి. వెనక గదిలో అద్దాలు అరగదీసేవాడికి అవేవీ అక్కర్లేదు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆ వెనక గదిలో, గిర్రున తిరిగే సానరాయి ముందు, నీళ్ళూ అద్దప్పొడీ కలిసిన తెల్ల బురద మోచేతుల దాకా పూసుకుని పనిచేస్తున్న మనిషిని అందరూ అద్దాలాయన అంటారు. ఫ్రేములో సరిగ్గా పట్టేలా అద్దం అంచు అరగదీయడం ఆయన పని. వెంట్రుకవాసి ఎక్కువుంటే ఫ్రేము పగులుతుంది, తక్కువైతే అద్దం ఊడి కాళ్ళ దగ్గర పడుతుంది. ఇన్నేళ్ళలో ఆయన చేతిలో పాడైన అద్దాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అంత జాగ్రత్త గల మనిషి ఒక కాగితం మీద మాత్రం వెనకాముందూ చూడకుండా సంతకం గీకేశాడు. మంచివాళ్ళు చేసే తప్పులు ఇలాగే ఉంటాయి, ఒళ్ళు మండిపోయేలా.

ఇంట్లో ఆయనా, ఆయన అక్కా. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎందుకు కాలేదని ఎవరైనా దీర్ఘం తీస్తే, "వీడికి నేను అడ్డం, నాకు వీడు అడ్డం, ఇప్పుడు మా ఇద్దరికీ మీరు అడ్డం, కాస్త తప్పుకోండి" అనేది అక్క. ఆవిడ టెలిఫోన్ ఆఫీసులో కనెక్షన్లు కలిపే ఉద్యోగం చేసి రిటైరైంది. చెవిలో పడ్డ గొంతుని బట్టి అవతలి మనిషి అబద్ధమాడుతున్నాడో లేదో చెప్పేస్తుంది. అలా చెప్పడమే కాదు, వాళ్ళ ముఖం మీదే అనేస్తుంది. అందుకే వాళ్ళింటికి చుట్టాల రాకపోకలు తక్కువ.

ఆరేళ్ళ కిందట, ఊరి చివరున్న జంతువుల షెల్టరు డాక్టరుగారి కళ్ళజోడు ఇవ్వడానికి అద్దాలాయన అక్కడికి వెళ్ళాడు. షెల్టరుకి వచ్చేవాళ్ళంతా కుక్కపిల్లలున్న బోనుల దగ్గర ముద్దులు కురిపిస్తూ నిలబడ్డారు. కొన్ని బోనుల మీద ఎర్ర కార్డు ఉంది. వాటి దగ్గరికొచ్చేసరికి అందరి నడకా జోరందుకుంటోంది. ఎర్ర కార్డు అంటే లోపలున్నది జబ్బుది, వెంటనే వైద్యం పడాలి, చూసుకునే ఇల్లు కావాలి, ఆట్టే వ్యవధి లేదు అని. అలాంటి ఒక బోనులో మూత్రపిండాలు చెడిపోయిన ముసలి కుక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మనిషి అలికిడికి తోక ఒక్కసారి నేలకి కొట్టి ఊరుకుంది. ఆ ఒక్క దెబ్బకి మనవాడు పడిపోయాడు. కళ్ళజోడు ఇచ్చి రమ్మంటే కుక్కని చంకనేసుకుని ఇంటికొచ్చాడు.

అది ఇరవై మూడు రోజులు బతికింది. ఆ తరవాత రెండోది, మూడోది. గుండె వాచిపోయిన ఆడకుక్క, దవడలో పుండు పడ్డ పిల్లి, నడుము పడిపోయిన మరో పిల్లి, ఇలా ఆరేళ్ళలో పదకొండు. రోజూ సన్నటి అంచులతో పనిచేసే చెయ్యి కాబట్టి చర్మం కింద సెలైన్ సూది దించితే జంతువుకి తెలిసేది కాదు. అక్క పాత దుప్పట్లు చింపి పడకలు చేసేది, మాంసం మెత్తగా ఉడికించి మాత్రలు అందులో దాచేది. తిడుతూనే చేసేది. ఒక్కొక్కటి చనిపోయాక మూడు రోజులు మాట్లాడేది కాదు. వీధిలోవాళ్ళు ఆ ఇంటికి 'ఆఖరి స్టాపు' అని పేరు పెట్టారు. ఆ మాట మొదట అన్నది పక్కింటి లాయరు. అక్క అతనికి నమస్కారం పెట్టడం మానేసి నాలుగేళ్ళు.

షెల్టరు మేనేజరమ్మకి మాత్రం అద్దాలాయన దేవుడిచ్చిన వరం. ఆవిడ ఆయన్ని "అన్నయ్యగారూ" అనేది. చెల్లెలు లేని మనిషి, ఆ పిలుపుకి వెన్నలా కరిగిపోయేవాడు. ఎర్ర కార్డు వేలాడదీయడం ఆలస్యం, ఫోన్ మోగేది. "అన్నయ్యగారూ, మీరు తప్ప దీనికి దిక్కులేదు."

పదకొండోది, నడుము పడిపోయిన పిల్లి, అక్క ఒళ్ళోనే పోయింది. ఆ రోజు ఆవిడ ఏడవలేదు. పిల్లి పడకని మడిచి బీరువా పైన పడేసి, తమ్ముణ్ణి కూర్చోబెట్టి చెప్పింది.

"ఒరే, ఇక నావల్ల కాదు. చచ్చేవాటిని తెచ్చి నా ఒళ్ళో పెడుతున్నావు. నాకూ అరవై దాటాయి. తెస్తే బతికేదాన్ని తీసుకురా. లేకపోతే మానెయ్."

"బతికేవాటిని ఎవరైనా తీసుకెళ్తారక్కా."

"ఆ ఎవరైనా మనమైతే ఏం పోయింది? ఒక్కటి. నేను పోయేలోపు ఒక్కటి లేచి ఈ ఇంట్లో తిరగాలి. దానికో పేరు కూడా పెడదాం."

పేరు మాట వినగానే అద్దాలాయన తలెత్తి చూశాడు. ఆ ఇంట్లో పదకొండింటికీ పేర్లు పెట్టలేదు. పెట్టకూడదని అక్కే గిరిగీసింది. పేరు పెడితే పిలవాల్సొస్తుంది, పోయాక కూడా నోట్లో ఆడుతుంది అనేది. ఆ గిరి ఆవిడే చెరిపేస్తానంటోంది. సరేనని మాటిచ్చాడు.

నెల తిరక్కుండా ఫోన్ వచ్చింది. దుకాణంలో సానరాయి ఆపి, చెయ్యి తుడుచుకుని తీశాడు.

"అన్నయ్యగారూ, ఈసారి మీకు తీపి కబురు. ఆడకుక్క, మూడేళ్ళది. గర్భసంచిలో చీము పట్టింది. రేపు పొద్దున్నే మా దగ్గరే ఆపరేషన్, లిస్టులో రెండో నంబరు. సంచి తీసేస్తే నాలుగో రోజుకి లేచి పరుగెడుతుందట. పన్నెండేళ్ళు హాయిగా బతుకుతుంది. మీరొచ్చి ఇవాళే సంతకం పెట్టెయ్యండి, రేపు ఆపరేషన్ అవగానే తీసుకెళ్ళొచ్చు."

ఆయన అప్పటికప్పుడు సెలవడిగాడు. షెల్టరుకి వెళ్ళాడు. గోధుమరంగు కుక్క, పొట్ట బిగిసి డోలులా ఉంది, కాలికి సెలైన్ గొట్టం. జ్వరంలో కూడా ఆయన చెయ్యి పట్టుకుని ముందరి కాలితో తన వైపు లాక్కుంది. కొత్తగా చేరిన డాక్టరమ్మ ఇంకా పాతికేళ్ళు దాటని పిల్ల, పక్కనే నిలబడి చెప్పింది: "తీసేస్తే ఏమీ ఉండదండీ. తీయకపోతే మాత్రం లోపలే పగిలిపోతుంది. రేపు దాటకూడదు."

ఇంటికి ఫోన్ చేశాడు. "అక్కా, ఇది బతికేది."

అక్క అడిగింది. "ఆపరేషన్ రేపైతే సంతకం ఇవాళెందుకట?"

"కాగితం పని ముందే అయిపోతే మంచిదని."

"ఎవరికి మంచిది? ఆ మేనేజరమ్మని ఫోన్లో మాట్లాడమను, నేను వింటాను."

"నీకు అందరి మీదా అనుమానమే" అని నవ్వి పెట్టేశాడు. ఎర్ర కార్డు వెనక, దత్తత ఫారం మీద, మూడుచోట్ల సంతకం పెట్టాడు. మేనేజరమ్మ టీ ఇచ్చింది. గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. అంత మర్యాద అంతకుముందు ఎప్పుడూ చేయలేదని ఆయనకి తోచనే లేదు. మర్యాదకి మొహం వాచిన మనిషికి ఎలా తోస్తుంది?

మర్నాడు ఎనిమిదింటికల్లా వెళ్ళాడు. అక్క బీరువా పైనుంచి పడక దింపి దులిపి ఎండలో వేసింది. పేరు అనుకున్నానని, అది ఇంటికొచ్చాకే చెబుతానని అంది.

ఆపరేషన్ గది బయట లిస్టు అంటించి ఉంది. రెండో నంబరు ఒక మగపిల్లిది. పై నుంచి కిందకి, కింద నుంచి పైకి చదివాడు. గోధుమరంగు కుక్క అందులో లేదు. డాక్టరమ్మ చేతికి తొడుగులు వేసుకుంటూ బయటికి వచ్చి, ఆయన్ని చూసి ఆగిపోయింది.

"మీరింకా తీసుకెళ్ళలేదా?"

"ఆపరేషన్ ఇవాళ కదమ్మా ఇక్కడ."

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. లోపలికెళ్ళి రిజిస్టరు తెచ్చి చూపించింది. షెల్టరులో ఆపరేషన్ల లిస్టు రోజూ పొద్దున్న ఆ రిజిస్టరు చూసి రాస్తారు. రిజిస్టరులో ఉన్నది షెల్టరు జంతువు, దానికి ఆపరేషన్ చేస్తారు. ఎవరైనా సంతకం పెట్టగానే ఆ వరస కొట్టేస్తారు. ఆ క్షణం నుంచి అది బయటి జంతువు. బయటి జంతువుల మీద ఇక్కడ కత్తి పెట్టకూడదు. ఒకప్పుడు ఒక యజమాని కోర్టుకెక్కాడని పెట్టిన రూలు. గోధుమరంగు కుక్క వరస మీద నిన్న సాయంత్రం ఐదింటికి గీత పడింది. పక్కన 'దత్తత' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

"అది మీ కుక్క అండీ ఇప్పుడు" అంది డాక్టరమ్మ.

"నాదైతే నేను చెప్తున్నాను, చెయ్యమ్మా."

"మేడమ్ ఒక్క మాట ఫోన్లో చెప్తే చాలు, చేసేస్తాను. నేను చేరి రెండు నెలలే అయింది సార్."

మేనేజరమ్మకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. ఇంకో నంబరు ఇచ్చారు, అది ఆపేసి ఉంది. దాతల మీటింగులో ఉందని, పదింటికి టీ విరామం ఇస్తారని గుమాస్తా చెప్పాడు. పదింటి దాకా కూర్చున్నాడు. పదయ్యాక పదిన్నర అన్నారు. బోను దగ్గరికీ ఆఫీసుకీ మధ్య తిరిగి తిరిగి కాళ్ళు పీకాయి. ఈ రెండు గంటలూ ఆయన వేరే ఆసుపత్రికి ఎందుకు వెళ్ళలేదంటే ఒకటే కారణం. అన్నయ్యగారూ అని పిలిచిన మనిషి ఫోన్ ఎత్తుతుందని, ఎత్తగానే అంతా సర్దుకుంటుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని చూస్తే జాలి వేయదు, చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

పదీ ముప్పావుకి కుక్కని దుప్పట్లో చుట్టి టాక్సీ ఎక్కాడు. దారిలో అది ఒక్కసారి వణికి, తరవాత సడలింది. బిగిసిన పొట్ట మెత్తబడింది. తలెత్తి ఆయన మణికట్టు నాకింది. తేలిక పడిందని ఆయన సంబరపడ్డాడు. అక్కకి ఫోన్ చేసి "కాస్త నయంగా ఉందక్కా" అన్నాడు కూడా.

ఆసుపత్రి డాక్టరు పొట్ట మీద చెయ్యి వేయగానే పరుగులు పెట్టించాడు. గంటన్నర తరవాత బయటికొచ్చి తొడుగులు విప్పుతూ అన్నాడు: "సంచి పగిలి విషమంతా లోపల పాకేసిందండీ. రెండు గంటల ముందు తెచ్చి ఉంటే నవ్వుతూ తీసుకెళ్ళేవారు."

ఆ రెండు గంటలు ఎక్కడికెళ్ళాయో ఆయన డాక్టరుకి చెప్పలేదు. ఏమని చెబుతాడు? ఇంటికొచ్చాక అక్క ఆయన చేతుల్లోని ఖాళీ దుప్పటి చూసింది. పడక మళ్ళీ బీరువా పైకెక్కింది. ఆవిడ అనుకున్న పేరు ఏమిటో ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మూడు వారాల తరవాత షెల్టరువాళ్ళ రంగురంగుల పుస్తకం పోస్టులో వచ్చింది. మొదటి పేజీలో మేనేజరమ్మ ఫోటో. కింద పెద్ద అక్షరాలతో ఉంది: 'వరసగా ఆరో ఏడాది, మా షెల్టరులో ఒక్క మరణం లేదు.' అద్దాలాయన ఆ వాక్యాన్ని దుకాణంలో, సానరాయి పక్కన నిలబడి చదివాడు. ఆరేళ్ళు, పన్నెండు చావులు. ఒక్కటీ షెల్టరులో జరగలేదు. పదకొండు తన ఇంట్లో, తన ఒళ్ళో, అక్క ఒళ్ళో జరిగాయి; పన్నెండోది ఆసుపత్రిలో, తన పేరు మీద. వాళ్ళ పుస్తకం మల్లెపువ్వులా ఉండటానికి తన ఇల్లు శ్మశానమైంది. ఆ రోజు సంతకానికి తొందరెందుకో అప్పుడు తలకెక్కింది. కింద వేసిన తేదీ ప్రకారం ఏడాది లెక్క ఆపరేషన్ రోజుతో ముగిసింది. ఆపరేషన్ బల్ల మీద ఆ కుక్క పోతే ఆ వాక్యం అచ్చుకాదు. అందుకని ముందే గీత కొట్టి చేతులు దులుపుకున్నారు. ఇన్నాళ్ళూ తనని పుణ్యాత్ముణ్ణి అనుకుంటున్నారనుకున్నాడు; వాళ్ళు ఆయన్ని పెరటి తలుపుగా వాడుకున్నారు. ఆ రోజు ఆయన చేతిలో రెండు అద్దాలు పగిలాయి.

చలి తగ్గేవేళకి మళ్ళీ ఫోన్. "అన్నయ్యగారూ, మొన్నటిది మా గుమాస్తా తొందరపాటు, మనసులో పెట్టుకోకండి. ఇక్కడొక ముసలిది ఉంది. గుండె జబ్బు, ఊపిరితిత్తుల్లో నీరు. రెండు మూడు రోజులకి మించదు. పాపం, మనిషి పక్కనుంటే తప్ప కళ్ళు మూయడం లేదు."

వస్తున్నానన్నాడు. ఎందుకు వస్తున్నాడో ఆవిడకి తెలియదు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు నూరుకుంటూ వెళ్ళాడు. అక్కకి మాత్రం ఎర్ర కార్డు చూసొస్తానని ఫోన్లో ఒక ముక్క అన్నాడు.

ముసలి కుక్క బోను తలుపుకి ముక్కు ఆనించి, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. ఆయన్ని చూడగానే లేవబోయి, లేవలేక, అలాగే చూస్తూ ఉండిపోయింది. మేనేజరమ్మ ఫారం, పెన్నూ అందించింది.

"పెట్టను" అన్నాడు.

"అదేంటి అన్నయ్యగారూ?"

"నేను మీకు అన్నయ్యని కాను. ఇది మీ జంతువు. ఇక్కడే చావనివ్వండి. చచ్చాక మీ రిజిస్టరులో చచ్చిందని రాసుకోండి. వచ్చే ఏడాది పుస్తకంలో అచ్చు వేయించండి."

అద్దాలాయన తల ఎత్తుకుని గేటు దాటాడు. పుట్టాక ఎవరినీ అంత మాట అనలేదు. ఇంటి దాకా నేల మీద కాలు ఆనలేదు. బోనువైపు మాత్రం మళ్ళీ చూడకుండా వచ్చాడు. చూస్తే కాళ్ళు కదలవని ఆయనకి తెలుసు.

అక్క గుమ్మంలో ఉంది. పడక దింపి కిటికీ పక్కన పరిచి ఉంది. పొయ్యి మీద మాంసం మెత్తగా ఉడుకుతోంది.

"ఏదిరా?"

"నువ్వే కదా చచ్చేవాటిని తేవద్దన్నావు."

"అన్నాను. నువ్వు వింటావని అనలేదు. ఏదిరా అది?"

జరిగింది చెప్పాడు. మెచ్చుకుంటుందనుకున్నాడు. ఆ మేనేజరమ్మ గొంతులో కల్తీని మొదట పసిగట్టింది ఆవిడే కదా. అక్క పూర్తిగా విని, పొయ్యి ఆర్పింది.

"బాగా బుద్ధి చెప్పావు. ఎవరికి? ఆవిడ ఇంటికెళ్ళి సుఖంగా పడుకుంటుంది. ఊపిరాడక అక్కడ పడున్నదానికి నీ రిజిస్టరు గొడవ తెలుసా?"

"ఎన్నిసార్లు మోసపొమ్మంటావక్కా?"

"కుక్క మోసం చేసిందా నిన్ను?"

అప్పటికే షెల్టరు మూసేసే వేళ దాటింది. పొద్దున్నే ఇద్దరూ టాక్సీలో వెళ్ళారు. అక్క పడక మడిచి ఒళ్ళో పెట్టుకుంది. సంతకం తనే పెడతానని, ఎన్నిచోట్ల కావాలంటే అన్నిచోట్ల పెడతానని దారిలో అంది.

బోను ఖాళీగా ఉంది. కడిగిన తడి ఇంకా ఆరలేదు. ఎర్ర కార్డు లేదు. ఆఫీసులో గుమాస్తా రిజిస్టరు తిప్పి చూపించాడు: గీత, పక్కన 'దత్తత', నిన్నటి తేదీ. ఎవరు తీసుకెళ్ళారని అక్క అడిగితే తల వంచుకుని గేటువైపు చెయ్యి చూపించాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. ముసలాయన. వీళ్ళని చూసి లేచి నిలబడ్డాడు.

"నేనే పెట్టానమ్మా సంతకం. నిన్న సార్ వెళ్ళిపోయాక మేడమ్ పిలిచి పెట్టమంది, పెట్టాను. ఇంటికి తీసుకుపొమ్మంది. నాకు ఇల్లెక్కడిది, ఈ గేటు గదేగా. వెనక సామాన్ల గదిలో గోనెసంచుల మీద పడుకోబెట్టి, తలుపు దగ్గరేసి డ్యూటీకొచ్చాను. చాలాసేపు తలుపు గీకింది. పొద్దున చూస్తే పోయుంది." అద్దాలాయన వైపు తిరిగాడు. మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు, నిజంగా తెలియకే అడిగాడు. "మీరైతే ఒళ్ళో పెట్టుకునేవారు కదా సార్. నిన్నెందుకు తీసుకెళ్ళలేదు?"

నిన్న దారి పొడుగునా నూరుకున్న మాటల్లో ఒక్కటీ ఈ ముసలాయనకి చెప్పడానికి పనికొచ్చేది లేదు.

"ఆ గది ఎక్కడో చూపించు నాయనా" అంది అక్క.

సామాన్ల గది తలుపుకి లోపలివైపు, కింద, రంగు లేచిపోయి తెల్లటి గీతలున్నాయి. అద్దాలాయన గడప దగ్గరే ఆగిపోయాడు. అక్క లోపలికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, పడక పక్కనే పరిచింది.

"బయట నిలబడతావేంరా?" అంది వెనక్కి చూడకుండా. "రా, వచ్చి ఎత్తు."

వెళ్ళి ఎత్తాడు. అది ఎప్పుడో బిగుసుకుపోయింది. ఎలా పట్టుకున్నా ఒళ్ళో ఇమడలేదు.